గొంతుకు తగలని దుమ్ము

దుమ్ము గొంతుకు తగిలితేనే దుమ్మని మా నాయన నమ్మకం. తగలకపోతే లేనట్టే. మేం దూదేకులవాళ్ళం. ప్రత్తిపాడు బజారులో మాకో పరుపుల కొట్టు ఉంది. నా చిన్నప్పుడు నాయన విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే ఇల్లంతా తెల్లగా ఎగిరేది. అన్నం కంచంలోనూ అదే, నమాజుకు పెట్టుకునే టోపీ మీదా అదే. సాయంత్రం పని ఆపి ముక్కుకు కట్టిన తువ్వాలు విప్పగానే నాయన ఒకసారి గొంతు సవరించుకుని చూసేవాడు. గరగరలాడితే ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. బెల్లం కరిగి దిగేటప్పుడు దుమ్మును కూడా వెంటబెట్టుకుని కడుపులోకి దిగిపోతుందట. గరగర లేని రోజు బెల్లమూ లేదు. ఈ లెక్క మా తాత దగ్గర నుంచి వచ్చింది.

నేను చదువుకుని గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్నయ్యాక ఈ లెక్కను ఎగతాళి చేసేదాన్ని. అన్నం దిగే గొట్టం వేరు, గాలి వెళ్ళే గొట్టం వేరు, బెల్లం వెళ్ళేచోటికి దుమ్ము వెళ్ళదు అని బోర్డు మీద బొమ్మ గీసినట్టు గాలిలో వేలితో గీసి మరీ చెప్పేదాన్ని. నాయన తర్వాత కొట్టు చూసుకుంటున్న మా తమ్ముడు అంతా ఓపిగ్గా విని, "మీ కాలేజీలో వాళ్ళకి రెండు గొట్టాలు ఉంటాయేమోలే అక్కా, మాకు ఒకటే ఇచ్చాడు" అని నా నోట్లో కూడా ఒక బెల్లం ముక్క కుక్కేవాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. దాన్ని నవ్వుగా మార్చడం వాడొక్కడికే తెలుసు. వాడు పోయాక ఆ కోపం నా దగ్గరే మిగిలిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. దూది పరుపు కొన్నేళ్ళు వాడితే గడ్డలు కడుతుంది. మిరపకాయలు కల్లాల నుంచి వెళ్ళిపోయి, ఎండలు ముదిరాక, జనం పాత పరుపులు ఆటోల్లో వేసుకుని కొట్టుకు తెస్తారు. వాటిని విప్పి, దూదిని మళ్ళీ ఏకి, పొంగించి, మళ్ళీ కుట్టి ఇస్తాం. విల్లు పోయి కరెంటు మిషను వచ్చింది గానీ పద్ధతి మారలేదు. తాతలు పడుకున్న దూది మీదే మనవలూ పడుకుంటారు. ఒకసారి పరుపులోకి వెళ్ళినది ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక దూదేకులవాడి ముక్కు ముందుకు తిరిగి వస్తుంది.

కొన్నేళ్ళ కిందట కొట్టుకు సరుకు అమ్ముకునే మనిషొకడు వచ్చాడు. సంచిలో తెల్లటి పొడి తెచ్చాడు. దూది ఏకేటప్పుడు ఒక గుప్పెడు చల్లితే ఆ పరుపుకు నల్లులు పట్టవనీ, చెమ్మ వాసన రాదనీ, పసిపిల్లలు తడిపినా కంపు ఉండదనీ చెప్పాడు. సంచి మీద ఇంగ్లీషులో 'నానో' అని బంగారు రంగు అక్షరాలు. మా తమ్ముడికి అది తెగ నచ్చింది. పూర్వం నల్లులకు చల్లే పొడి కంపు కొట్టేది, కళ్ళు మండేవి. దీనికి అసలు వాసనే లేదు. పైగా ఇది కలిపితే దూది ఎగరడం కూడా తగ్గింది. పోగును పోగు పట్టుకుని బుద్ధిగా కూర్చునేది. సాయంత్రానికి గొంతులో గరగర లేదు. వాడు మొదట బెల్లం మానేశాడు. తర్వాత ముక్కుకు తువ్వాలు కట్టడం మానేశాడు. మా నాయన లెక్క ప్రకారం ఆ కొట్టులో ఇక దుమ్మే లేదు.

నాకు చెబితే సవాలక్ష ప్రశ్నలు వేస్తానని చెప్పలేదట. నిజమే, వేసేదాన్నే.

ఒక శుక్రవారం నమాజుకు వెళ్ళినవాడు మసీదు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాడు. మా మరదలు ఫోన్ చేస్తే వెళ్ళి గుంటూరు తీసుకొచ్చాను. డాక్టరు స్కాన్ ఫిల్మును లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. ఊపిరితిత్తులు లోపల గట్టిపడుతున్నాయన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. దూది దుమ్ముతో ఛాతీ పాడైనవాళ్ళను తను చాలామందిని చూశాననీ, కానీ ఇంత తొందరగా ఇంత దూరం వెళ్ళినవాళ్ళను చూడలేదనీ, ఇంకేమైనా వాడుతున్నావా అనీ అడిగాడు. తమ్ముడు ఏమీ లేదన్నాడు. మంచి పొడి ఒకటి తప్ప ఏమీ లేదన్నాడు. ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్ళి ఆ సంచి చూశాను.

సంచి మీది 'నానో' అన్న ఆ మాటతో నాకు పాత స్నేహం. ప్రతి సంవత్సరం సిలబస్ అయిపోయాక, పరీక్షలకు ముందు మిగిలే క్లాసుల్లో పిల్లలకు నేను చెప్పేది దాని గురించే. ఇటుక మీద ఇటుక పెట్టి ఇల్లు కట్టినట్టు అణువు పక్కన అణువును పేర్చి యంత్రాలు కట్టే రోజు వస్తుందని చెబుతాను. అలాంటివి జరగవని అనుకోకండి, మీ పొలంలో పత్తికాయ చేస్తున్నది అదే, గాలినీ నీళ్ళనూ ఎండనూ తీసుకుని లోపల పోగు తీస్తోంది కదా అంటాను. రక్తకణం కన్నా చిన్న యంత్రాలు ఒంట్లో తిరిగి, చెడిపోయినదాన్ని వెతికి పట్టుకుని బాగుచేస్తాయంటే పిల్లలు నోరు తెరిచి వింటారు. భయమూ చెబుతాను. తమలాంటి వాటినే తయారుచేసుకునే యంత్రాలకు ఆగడం తెలియకపోతే మనం ఏం కావాలి, అవి ఎవడి చేతిలో పడతాయి, దారి తప్పితే వెనక్కి పిలిచేదెవరు అని అడుగుతాను. గుంటూరు మొత్తం తినేస్తాయా మేడమ్ అని ఎవడో ఒకడు అడుగుతాడు. ముందు మీ మెదళ్ళు వెతుక్కుంటాయిరా, దొరక్క ఆకలితో చస్తాయి అంటాను. క్లాసంతా గొల్లుమంటుంది.

ఆ సంచిలో అటువంటి యంత్రం ఏదీ లేదు. తెలివి లేదు, వెతకడం లేదు, బాగుచేయడం లేదు. మామూలు పొడినే మరీ సన్నగా చేసి పెట్టారు, అంతే. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తడి, దగ్గు, ఇవన్నీ మన ఒంటికి కాపలా. ఒక పరిమాణం దాకానే వాటికి చేతనవుతుంది. అంతకన్నా చిన్నది వస్తే అవి పట్టుకోలేవు. అది ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలిబుడగ దాకా వెళ్ళి కూర్చుంటుంది. రేపు మనల్ని బాగుచేయడానికి ఏదైనా వెళ్ళాలన్నా ఆ దారినే వెళ్ళాలి. నేను ఇన్నేళ్ళుగా పిల్లలకు అందంగా బొమ్మలు గీసి చూపించిన దారి అదే. అప్పుడు నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. కొట్టులో కూర్చుని ఏడ్చాను.

ఆ పొడిలో ఏముందో సంచి మీద రాయలేదు. ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే మోగలేదు. డాక్టరు మంచి మనిషి, తెలియనిది తెలియదనే చెప్పాడు. ఇది పాత దూది దుమ్ము వల్ల కావచ్చు, కొత్త పొడి వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. విడదీసి చెప్పే పరీక్ష తన దగ్గర లేదన్నాడు. మా బంధువులు మాత్రం అన్నీ తెలిసినట్టే మాట్లాడారు. ఎవరి దిష్టో అన్నవాళ్ళు కొందరు, బెల్లం మానేసినందుకే ఇలా అయిందన్నవాళ్ళు కొందరు.

తమ్ముడికి ఆక్సిజన్ మిషను పెట్టాక వాడి లోకం వసారాలో మంచం అంత అయిపోయింది. ఆదివారం వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. వాడు మాట మాటకు ఆగి ఊపిరి తీసుకుంటూ, క్లాసులో నేను చెప్పే ఆ బుల్లి మిషన్ల సంగతి అడిగేవాడు. అవి తన ఛాతీలోకి వెళ్తే ఏం చేస్తాయని అడిగాడు. ఒక్కొక్క నలుసునూ పట్టుకుని బయటికి తెస్తాయనీ, గట్టిపడ్డచోటల్లా మళ్ళీ మెత్తగా చేస్తాయనీ చెప్పాను.

"అంటే ఏకుతాయన్నమాట" అన్నాడు.

"అవును. ఏకుతాయి."

ఆ మాట వాడికి ఎంత నచ్చిందో చెప్పలేను. పలకరించడానికి ఎవరొచ్చినా, లోపల గడ్డ కట్టిన ఊపిరితిత్తిని విప్పి పొంగించే మిషన్లు వస్తున్నాయి, మా అక్కకు తెలుసు, అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను భరించలేకపోయాను. రేపో మాపో వస్తాయని నేనన్నానా, మన కాలంలో వస్తాయో రావో, పిచ్చి ఆశలు పెట్టుకోకు అని కసిరాను. వాడు నా వంక చూసి, "అసలు వస్తాయా రావా, అది చెప్పు" అన్నాడు. వస్తాయన్నాను. "చాల్లే. నాకు కాకపోతే ఇంకొకడికి" అన్నాడు. వాడిని ఓదార్చడానికి అన్న మాట కాదది. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అందుకే నాకు ఇంత బాధ.

నిజానికి వాడి దిగులు తన ఊపిరి గురించి కాదు. ఆ పొడి కలిపి అమ్మిన పరుపుల గురించి. మంచాన పడకముందే, ఇంకా మోపెడ్ నడపగలిగిన రోజుల్లో, అవి ఉన్న ఇళ్ళకు వెళ్ళి వాటిని వెనక్కి ఇమ్మని అడిగాడు. గుడ్డలో కుట్టి ఉన్నంతకాలం పడుకునేవాళ్ళకు ఏమీ కాకపోవచ్చునని నేను చెప్పాను. కానీ అవి ఎల్లకాలం అలాగే ఉండవు కదా. ఏదో ఒక ఎండాకాలం గడ్డలు కట్టాయని విప్పుతారు. ఇంకో ఊళ్ళో ఇంకో దూదేకులవాడు వాటిని మిషన్లో వేస్తాడు. దూది ఎగరడం లేదు, గొంతుకు తగలడం లేదు అని సంతోషిస్తాడు. అది తలుచుకుని వాడు కుమిలిపోయేవాడు.

కొందరు ఇచ్చారు. చాలామంది నవ్వారు. నువ్వే గొప్పగా చెప్పి అంటగట్టావు, ఇప్పుడు నువ్వే చెడ్డదంటావేంటని అడిగారు. కొత్తవి అమ్ముకోవడానికి ఎత్తు వేశాడన్నారు. వాడు మాట పడేవాడే గానీ ఎదురు చెప్పేవాడు కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో పరుపులు కుట్టే మావాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. "గొంతుకి తగలకపోయినా సరే, గుడ్డ కట్టుకోండయ్యా" అని ప్రతివాడినీ బతిమాలాడు. ఎంతమంది చెవిన పెట్టారో తెలియదు.

ఒక పరుపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాడి కూతురిని, నా మేనకోడలిని, దర్శిలో ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, ఐదో నెలలో బిడ్డతో వెళ్ళింది. ఆ ఉయ్యాల పరుపు వాడు స్వయంగా చేశాడు. మొదటి తీత పత్తి ఏరి తెప్పించి, మిషన్లో వేస్తే పోగు నలుగుతుందని అటక మీంచి నాయన విల్లు దింపి, కూర్చుని ఏకాడు. పసిబిడ్డకు వాసన రాకూడదు, పురుగు ముట్టకూడదు అని, ప్రేమకొద్దీ ఆ పొడి అందరి పరుపుల్లో కన్నా ఎక్కువ వేశాడు. ఇదంతా నాకు చెప్పిన రోజు వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అంతకుముందు రోజు కూతురు ఫోన్లో, పిల్లకు దగ్గు తగ్గడం లేదని మాటల మధ్యలో అందట.

"అక్కా, నువ్వెళ్ళి ఆ పరుపు తీసుకురా. మా అమ్మాయికి మాత్రం ఎందుకో చెప్పమాక" అన్నాడు.

ఎందుకు చెప్పకూడదని అడిగాను.

"నాయన చేత్తో చేశాడనుకుని పడుకోబెట్టింది. అది అట్టాగే ఉండనీ" అన్నాడు.

అద్దంకిలో బస్సు మారి దర్శి వెళ్ళాను. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. బస్సులో అందరం దగ్గుతున్నాం. ఎవరూ పట్టించుకోవడం లేదు, మిరప ఘాటు మాకందరికీ అలవాటు. నాకు మాత్రం దగ్గేవాళ్ళు అదృష్టవంతుల్లా కనిపించారు. వాళ్ళ గొంతుకు తెలుస్తోంది కదా అనుకున్నాను.

మేనకోడలి అత్తగారు మర్యాదగల మనిషి. టీ ఇచ్చింది, తమ్ముడి ఆరోగ్యం అడిగింది. ఉయ్యాల పరుపు తీసుకుపోవడానికి వచ్చానంటే మాత్రం ముఖం మారింది. బిడ్డ కింద వేసినది పుట్టింటివాళ్ళు వెనక్కి తీసుకోవడం ఎక్కడా వినలేదమ్మా అంది. మళ్ళీ ఏకి పంపుతామని అబద్ధం చెప్పబోయాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, సగంలోనే తడబడ్డాను. మేనకోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి నిలబెట్టింది. చెప్పేశాను. తమ్ముడు వద్దన్న పనే చేశాను, దానికి నాకు చింత లేదు. బిడ్డ విషయం తల్లికి తెలియకపోతే ఎలా?

ఆ పిల్ల ఏడవలేదు. లోపలికి వెళ్ళి నిద్రపోతున్న బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది. రెండో చేత్తో పరుపు చుట్టింది. అప్పుడు నా వైపు తిరిగి, "అత్తా, ఇది ఏకేటప్పుడు నాయన ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడా?" అని అడిగింది. లేదన్నాను. బిడ్డ వీపు మీద ముఖం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు బిడ్డను ఒంగోలులో పిల్లల డాక్టరుకు చూపించాం. ఛాతీ శుభ్రంగా ఉంది, ఇది మామూలు జలుబు దగ్గే అన్నాడు. పొడి సంగతి చెబితే పెన్ను పక్కన పెట్టాడు. ఇప్పటికి భయం లేదనీ, కొన్నేళ్ళు కనిపెట్టి చూస్తూ ఉండమనీ చెప్పాడు. దేని కోసం చూడాలని అడిగితే ఆయనకూ తెలియలేదు. దగ్గు వారంలో తగ్గిపోయింది. మా మేనకోడలి భయం మాత్రం తగ్గలేదు. బిడ్డ తుమ్మినా ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది.

ఆ పరుపును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన ఎరువుల సంచి తొడిగి ప్రత్తిపాడు తెచ్చాను. తమ్ముడు మంచం మీంచి చూశాడు గానీ ముట్టుకోలేదు. బిడ్డకు ఏమీ లేదని నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత దీన్ని ఏం చేద్దామని అడిగాడు. తగలబెడితే పొగలో పోతుంది. పాతిపెడితే మిరప చేలల్లోకి, ఊరి బోర్లలోకి దిగుతుందేమో. కాలవలో వేస్తే అది తాగేవాళ్ళున్నారు. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఫ్యాక్టరీ చెత్తకైతే పద్ధతి ఉందనీ, ఇంట్లో పరుపుకు తమ దగ్గర ఏమీ లేదనీ చెప్పారు. ఇంకా రాని యంత్రాలు దారి తప్పితే ఎలా ఆపాలా అని ఏళ్ళ తరబడి క్లాసులో వాదించినదాన్ని, ఒక ఉయ్యాల పరుపును ఎక్కడ పెట్టాలో చెప్పలేకపోయాను. చివరికి వెనక్కి వచ్చిన మిగతా పరుపులతో పాటు కొట్టులోనే పడేసి షట్టర్ దించాం. మిషనూ అందులోనే, నిరుడు కొన్న దూదీ అందులోనే. ఆ పొడి ఆ కొట్టులో దేని మీద ఉందో, దేని మీద లేదో ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలంలో ఒక ఉదయం తమ్ముడు పోయాడు. ఆక్సిజన్ మిషను తిరుగుతూనే ఉంది, వాడే ఆగిపోయాడు. మా మరదలు స్విచ్ ఆపింది. ఆ మోత ఆగాక ఇంట్లో అందరం గట్టిగా ఏడ్చాం.

మధ్యాహ్నానికి బంధువులు వచ్చారు. స్నానం చేయించడానికి పెద్దలు సిద్ధమయ్యారు. తెల్లగుడ్డ వచ్చింది, కర్పూరం వచ్చింది, అత్తరు వచ్చింది. ముక్కులో, చెవుల్లో పెట్టడానికి దూది కావాలి. మా ఊళ్ళో మావాళ్ళలో ఎవరు పోయినా గుడ్డ ఎక్కడి నుంచి వచ్చినా దూది మాత్రం మా కొట్టు నుంచే వెళ్ళేది. అడగకుండానే నాయన ఇచ్చి పంపేవాడు, నాయన తర్వాత తమ్ముడు ఇచ్చేవాడు. దానికి డబ్బు తీసుకోవడం మా ఇంట్లో లేదు. వాళ్ళలో ఒక పెద్దాయన అలవాటు కొద్దీ వసారాలోంచి, కాస్త దూది తెండమ్మా అని కేక వేశాడు. మా మరదలు కూడా అలవాటు కొద్దీ కొట్టు తాళాలు తీసుకుని లేచింది. గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. నేను వెళ్ళి ఆమె చేతిలో తాళాలు తీసుకున్నాను.

ఎవరో మెడికల్ షాపుకు వెళ్ళి నీలం కాగితం చుట్టిన దూది ఉండ తెచ్చారు. అది మిల్లులో అదిమి చుట్టినది, చాపలా పొరలు పొరలుగా వచ్చింది. పెద్దాయన దాన్ని అలాగే తుంచబోతే మా మరదలు చేయి చాపి అడిగి తీసుకుంది. నేలమీద కూర్చుని, వేళ్ళతో కొంచెం కొంచెంగా విప్పి, పొంగించి ఇచ్చింది. ఊళ్ళో అందరికీ మా ఇంటి దూది పెట్టి పంపించాం. మా వాడికి కొన్న దూది పెట్టాం.